రక్తం లేని చోట

ఆ ఉదయం పదమూడో డబ్బా మూత తియ్యగానే ఫినాయిల్ వాసన గుప్పుమంది.

నేను పనిచేసేది రోగపరీక్షల ల్యాబులో. మలం డబ్బాలు తీసుకునే గది నాది. దానికి కిటికీ లేదు. గాలి బయటికి లాగే ఫ్యానొకటి గోడలో తిరుగుతూ ఉంటుంది, లాగుతున్నట్టు ఏనాడూ అనిపించదు. నాకు ముందు ఈ గదిలో చేసినవాళ్లెవరూ నాలుగు నెలలు దాటి నిలవలేదట. నాకిది మూడో ఏడు. డబ్బా మీద పేరూ కాగితం మీద పేరూ ఒకటేనా అని చూడాలి. మూత తీసి లోపలున్నది పరీక్షకు పనికొస్తుందో లేదో చూడాలి. పనికిరానిదాన్ని తిప్పి పంపాలి. పనికొచ్చేదాన్ని వరసలో పెట్టి లోపలి గదికి అందించాలి. పల్లెటూరి బడిలో ఏడో తరగతి చదివినవాడికి అది చాలిన ఉద్యోగమే.

జనం ఎందులో ఏం పెట్టి తెస్తారో చూస్తే మనిషి పుట్టుక మీదే రోత పుడుతుంది. మేమిచ్చే డబ్బాకు మూతలోనే చిన్న చెంచా ఉంటుంది. అది పక్కన పడేసి మొహానికి రాసుకునే క్రీము సీసాలో తెస్తారు. అగ్గిపెట్టెలో తెచ్చినవాడున్నాడు. ఒక మహాతల్లి డబ్బాను మెరుపు కాగితంలో చుట్టి పైన రిబ్బను ముడేసి పంపింది. బస్సులో పక్కవాళ్లు అడిగితే కానుక అని చెప్పొచ్చట. కడిగి తెచ్చేవాళ్లు వీళ్లందరికన్నా ఘనులు. నిజంగానే కుళాయి కింద పట్టి కడుగుతారు. తమ కడుపులోంచి వచ్చినదాన్ని తమదని ఒప్పుకోవడానికి ఒక్కరికీ మనసు రాదు.

కానీ ఫినాయిల్ పోసి తెచ్చినవాళ్లను ఆ రోజే చూశాను. లోపల రెండు గోధుమరంగు ముక్కలు తెల్లటి పాలలాంటి నీళ్లలో తేలుతున్నాయి. ఎవరీ పుణ్యాత్ములని పేరు చూశాను. ఆడపిల్ల, ఆరేళ్లు. ఆ పేరు ఎవరిదో తట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఇంట్లో మేమెవరం ఆ పిల్లను ఆ పేరుతో పిలవం. పిచ్చిక అంటాం. నా కూతురి కూతురు.

పిల్లకు బాగాలేదని నాకెవరూ చెప్పలేదు.

కాగితం చదివాను. విరేచనాలు మూడు రోజులుగా. కడుపునొప్పి ఉంది. రక్తం పడుతోందా అన్నచోట 'లేదు' అని రాసి, దాని కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. మిగతావాటికి గీతల్లేవు. ఆ గుండ్రటి అక్షరాలు మా వియ్యపురాలివి. రెండు గీతలు కొట్టి మరీ లేదంటున్నారంటే ఉందన్నమాటే. ఈ గదిలో కూర్చుని నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

ఇక్కడ నా భార్య సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆ డబ్బాను నేను మామూలుగా తిప్పి ఎందుకు పంపలేదో తెలియదు.

ఆమె పోయి మూడేళ్లు దాటింది. కడుపులో మెలితిప్పుతోందని మొదలై నీళ్ల విరేచనాలై రెండో రోజుకు రక్తం పడింది. డాక్టరు మలం పరీక్ష రాశాడు. ఆమె మంచం దిగలేని స్థితిలో ఉంది, డబ్బా నేనే తీసుకున్నాను. బేసినులో ఉన్నదంతా రక్తం, జిగురు. ఒక అంచున మాత్రం వేలెడంత మేర మామూలుగా ఉంది. ల్యాబు కౌంటరు దగ్గర నా కూతురి ఈడు పిల్ల కూర్చుని ఉంటుందని నాకు తెలుసు. ఆ రోతను తీసుకెళ్లి ఆ పిల్ల చేతిలో ఎలా పెడతాం? ఊపిరి బిగబట్టి, మొహం పక్కకు తిప్పుకుని, మామూలుగా ఉన్నచోట చెంచాతో గీకి డబ్బాలో వేశాను. చూడ్డానికి మర్యాదగా ఉందనుకున్నాను. లోలోపల కొంచెం మెచ్చుకున్నాను కూడా, నన్ను నేనే.

రిపోర్టు బాగుందని వచ్చింది. అందరి పేగుల్లోనూ ఉండే బాక్టీరియా తప్ప రోగం తెచ్చే రకమేదీ కనిపించలేదని రాశారు. డాక్టరు దాన్ని నమ్మాడు. విరేచనాలు కట్టే బిళ్లలు, వాటితోపాటు యాంటీబయాటిక్ ఇచ్చాడు. కట్టాయి. ఇంట్లో అందరం సంతోషించాం. మర్నాటి నుంచి ఆమెకు మూత్రం రాలేదు. మొహం ఉబ్బింది. తొమ్మిదో రోజున పోయింది. పెద్దాసుపత్రివాళ్లు తీసిన సాంపిల్లో రోగం తెచ్చే రకం దొరికింది. అప్పటికి ఆమె మూత్రపిండాలు రెండూ చచ్చిపోయాయి.

నేను ఆ డాక్టరు గుమ్మం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. అతని బోర్డు మీద ఉమ్మాను. నా కూతురు పై అధికారులకు అర్జీల మీద అర్జీలు రాసింది. ఏడాది తిరక్కుండానే అతను క్లినిక్ మూసుకుని వెళ్లిపోయాడు. ఇక ల్యాబు సంగతి చూద్దామనుకున్నాను. డబ్బాల గదికి మనిషి కావాలని తలుపు మీద కాగితం అంటించి ఉంటే, లోపలికి దూరి వాళ్ల తప్పు బయటికి లాగుదామని చేరాను. రెండో వారంలో తప్పు దొరికింది. వాళ్లది కాదు.

లోపలి గదిలో మెషిన్ చూసే అమ్మాయిని అందరూ కళ్లజోడు అంటారు. పని నేర్పడానికి ఒక డబ్బా మూత తీసి చూపించింది.

"ఇదిగో బాబాయ్, రక్తం, జిగురు ఉన్న చోటే తియ్యాలి. బాగున్న చోట తీసిస్తే, దొంగ ఎదురింట్లో ఉంటే ఈ ఇల్లు సోదా చేసినట్టు."

దొంగ సంగతి కూడా ఆమే చెప్పింది. ఆ బాక్టీరియా ప్రతి మనిషి పేగుల్లోనూ ఉంటుంది. నూటికి తొంభై తొమ్మిది ఏ పాపం ఎరుగనివి. పళ్లెంలో పెంచి చూస్తే మంచివీ చెడ్డవీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. ఏది విషం తయారుచేస్తుందో మొహం చూసి చెప్పలేం. విషం చేసే జన్యువు దాని లోపల ఉందో లేదో వెతకాలి. ఆ జన్యువు ఒక్క తునక దొరికితే చాలు, మెషిన్ దాన్ని రెండు చేస్తుంది, రెంటిని నాలుగు చేస్తుంది, కోట్లు చేసి తెర మీద గీతగా లేపుతుంది. తునకే లేకపోతే గీత లేవదు.

"ఆ రకం దొరికితే ఏం మందు?" అని అడిగాను.

మందు ఇవ్వకపోవడమే మందని చెప్పింది. కట్టే బిళ్లలు వేస్తే విషం లోపలే ఉండిపోతుంది. యాంటీబయాటిక్ వేస్తే బాక్టీరియా పగిలి ఉన్న విషమంతా ఒక్కసారే కక్కుతుంది. అది నేరుగా మూత్రపిండాల మీద పడుతుంది.

నేను కుళాయి దగ్గరికి వెళ్లి కడుపులో ఉన్నదంతా కక్కాను. ఆమె వాసనకనుకుంది. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది, అలవాటైపోతుందని ధైర్యం చెప్పింది.

అలవాటు కాలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. నా కూతురు ఇప్పటికీ తల్లి తద్దినం వచ్చినప్పుడల్లా ఆ డాక్టర్ని తిడుతుంది. నేను ఊఁ కొడతాను.

ఆ ఉదయం కళ్లజోడుకు ఫినాయిల్ డబ్బా చూపించాను. ఇది మెషిన్లో పెట్టినా దండగే అంది. ప్రతి గొట్టంలోనూ వాళ్లే ఒక సాక్షిని కలుపుతారు. రోగం ఉన్నా లేకపోయినా సాక్షి గీత లేచి తీరాలి. అది లేవకపోతే ఆ పరీక్ష చెల్లదు. ఫినాయిల్ సాక్షిని కూడా చంపుతుంది. మళ్లీ సాంపిల్ కావాలని కాగితం రాసి పంపుదామంది. అది డాక్టరుకు చేరేసరికి రేపవుతుంది. మెషిన్లో రోజుకు ఒక్కసారే ఎక్కిస్తారు, మధ్యాహ్నం రెండింటికి. అప్పటికి టైము పదింపావు.

నా కూతురికి ఫోన్ చేశాను. పిల్లకెలా ఉందంటే ముందు కంగారు పడింది, నీకెవరు చెప్పారంది. డబ్బా చెప్పిందన్నాను. రక్తం పడుతోందా అని అడిగాను. అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"కొంచెమే నాన్నా. అత్తయ్య చూసింది. ఎవరికీ చెప్పొద్దంది."

డాక్టరేమన్నాడంటే, రిపోర్టు రానివ్వండి, బాగుంటే సాయంత్రం నుంచి యాంటీబయాటిక్ మొదలుపెడదామన్నాడట. ఈలోగా అత్తగారు విరేచనాలు కట్టే బిళ్లలు తెప్పించి ఉంచింది. తన ముగ్గురు కొడుకులనూ వాటితోనే పెంచిందట. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేస్తానందట.

"వెయ్యనియ్యకు. నేను వస్తున్నా" అన్నాను.

"నువ్వొస్తే ఆవిడ ఊరుకుంటుందా?"

ఖాళీ డబ్బాలు రెండు సంచీలో వేసుకుని బస్సెక్కాను. నలభై నిమిషాల దూరం. ఎదుటి సీట్లో ఒకడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాడి పేగుల్లో ఏముందో అనుకున్నాను. ఈ ఉద్యోగంలో చేరాక ఎవర్ని చూసినా ముందు లోపలిదే కనబడుతుంది.

వాళ్లది నాలుగో అంతస్తు. గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలు మూడు. లోపల తెల్ల గచ్చు, పాలు పోసి తాగొచ్చునన్నట్టు ఉంటుంది. మా వియ్యపురాలు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని తలుపు తీసింది. నా ఉద్యోగం తెలిసినప్పటి నుంచి ఆ ఇంట్లో నాకో ప్లాస్టిక్ కుర్చీ వేరుగా ఉంది. నేను లేచాక దాన్ని కడుగుతారు. నా కళ్ల ముందే కడిగారొకసారి.

"చెప్పులు అక్కడే అన్నయ్యగారూ. ఆ సంచీ కూడా అక్కడే."

"ఖాళీ డబ్బాలే చెల్లెమ్మగారూ. ఇంకా ఏమీ వెయ్యలేదు."

"మీ చేతుల్లోంచి వచ్చాయిగా."

సంచీ పట్టుకునే లోపలికి వెళ్లాను. ఆవిడ నా వెనకే తడిగుడ్డ పట్టుకుని నడిచింది. ఫినాయిల్ ఎందుకు పోశారని అడిగాను. తప్పు చేసినట్టు ముఖంలో ఎక్కడా లేదు. డబ్బా తన కొడుకు ఆఫీసు సంచీలో పెట్టుకెళ్లాలి, వాసనొస్తే నలుగురిలో వాడి పరువేం కావాలి, అందుకని ఒక్క మూతెడు పోసిందట.

"క్రిములు కూడా చస్తాయని" అంది.

"పరీక్ష ఆ క్రిములకే."

"చచ్చినవాటికి చెయ్యకూడదా?"

"చెయ్యొచ్చు. కానీ మీ ఫినాయిల్ వాటితోపాటు పరీక్ష మందును కూడా చంపుతుంది."

"అంత నాజూకు పరీక్ష ఏం పరీక్షండీ" అని పెదవి విరిచింది.

పిల్ల మంచం మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. పెదాలు పాలిపోయాయి. నన్ను చూసి నవ్వబోయి ఆగింది.

"తాతా, నువ్వు కక్కా తాతవట కదా. నానమ్మ చెప్పింది."

"అవునే. నీ కక్కా కోసమే వచ్చాను."

"అందులో ఎర్రగా ఉంది" అని చెవిలో చెప్పింది. దాచమని ఆ పిల్లకు కూడా నేర్పారన్నమాట. పోయిన వారం బడివాళ్లు పశువుల కొట్టం చూపించడానికి తీసుకెళ్లారనీ, దూడ తన చెయ్యంతా నాకిందనీ, తర్వాత అదే చేత్తో బిస్కెట్లు తిన్నాననీ చెప్పింది. నేను పేడలో పుట్టి పెరిగినవాణ్ని. పశువుకు ఏ బాధా పెట్టకుండా దాని పేగుల్లో హాయిగా కాపురం ఉండే రకం మనిషిలోకి వచ్చాకే కత్తి తీస్తుందని ల్యాబులో చేరాకే తెలిసింది.

మంచం పక్క బల్ల మీద చిన్న గిన్నెలో రెండు బిళ్లలు నూరి తేనెలో కలిపి ఉన్నాయి. చెంచా కూడా సిద్ధం. గిన్నె తీసుకెళ్లి వంటింటి తొట్టిలో కడిగేశాను. మా వియ్యపురాలు గుమ్మంలో నిలబడి చూసింది. ముప్ఫయ్యేళ్లుగా పిల్లల్ని పెంచుతున్నదాన్ని, డబ్బాలు మోసేవాళ్లతో చెప్పించుకునే గతి పట్టిందా అంది. తొట్టిలో చెయ్యి పెట్టానని ఆవిడ తొట్టిని కడగడం మొదలుపెట్టింది.

ఇక చెయ్యగలిగింది కూర్చోవడమే. పిల్ల కడుపు మా చేతిలో లేదు. పదకొండున్నర అయింది. నా కూతురు మంచం మీద పిల్ల పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తల్లి పోలికలే, నుదుటి మీద ముడత కూడా. ఎందుకు చెప్పలేదే నాకని అడిగాను. చెబితే డబ్బా పట్టుకుని వస్తావని అత్తయ్యకు కోపం, రాకపోతే నాకు కోపం అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం కానీ నవ్వు పూర్తి కాలేదు. అమ్మకిచ్చినట్టే బాగుందని రిపోర్టిచ్చేస్తారా నాన్నా అని అడిగింది. ఆ డాక్టరు కాస్త కళ్లు తెరిచి చూసుంటే అమ్మ బతికేదంది. ఈసారి ఊఁ కొట్టకుండా లేచి బేసిను వెతకడానికి వెళ్లాను.

పన్నెండూ పదికి పిల్ల కడుపు పట్టుకుని ఏడ్చింది. మరుగుదొడ్డిలోకి ఎత్తుకెళ్లారు. నేను బేసిను కడిగి ఆరబెట్టి ఉంచాను. అందులో కూర్చోబెట్టమన్నాను. మా వియ్యపురాలు ఒప్పుకోలేదు. అది బట్టలు నానబెట్టే బేసిను. పైగా మరుగుదొడ్డిలో ఆవిడ అప్పుడే నీలంరంగు మందు పోసి ఉంచింది, ఎవరు వెళ్లొచ్చినా మళ్లీ పోస్తుంది. పిల్ల వెళ్లడమూ ఆవిడ నీళ్లు వదలడమూ మూడు రోజులుగా అలాగే జరుగుతోంది. ఈ ఇంట్లో రోగానికి ఆనవాలన్నది మిగలడం లేదు.

"మా ఇంట్లోంచి ఇలాంటిది వెళ్లిందని కాగితం మీదికెక్కితే, శుభ్రం లేని కొంప అనరా అన్నయ్యగారూ?" అంది. గొంతు తగ్గించి, మొదటిసారి బతిమాలుతున్నట్టు అంది. ఆవిడకు పిల్ల మీద ప్రేమ లేదని నేననను. నాకూ నా భార్య మీద ఉంది.

"బేసిను కొత్తది నేను కొనిస్తాను" అని పిల్లను కూర్చోబెట్టాను.

పిల్ల లేచింది. బేసినులోకి చూశాను. చూసిందే మళ్లీ చూస్తున్నాను. ఎరుపు, జిగురు, ఒక అంచున కొంచెం మామూలుగా. మూడేళ్ల కిందట చూసిన బేసినే. డబ్బా మూత తిప్పి చెంచా పట్టుకుని వంగాను. నా కూతురు కూడా వంగింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఆ అంచు చూపించింది.

"అక్కడ తియ్యి నాన్నా. అక్కడ రక్తం లేదు."

నాకు మంచి అవకాశమే వచ్చింది, ఏమీ అనకుండా రక్తంలో ముంచి తీసుకుని వెళ్లిపోవడానికి. అదే చెయ్యబోయాను. ఈలోగా మా వియ్యపురాలు గుమ్మంలోంచి, అదీ మాట, కూతురికున్న బుద్ధి కూడా తండ్రికి లేదు, ఆ ఎరుపంతా పట్టుకెళ్లి ఎవరికి చూపిస్తారు అని అందుకుంది. నా కూతురు నా మణికట్టు పట్టుకుని అంచువైపు జరిపింది.

"మీ అమ్మకు నేను అక్కణ్నుంచే తీశాను" అన్నాను.

అర్థం కాలేదు దానికి. మళ్లీ చెప్పాను. బేసిను, అంచు, రక్తం లేని చోటు. డాక్టరు చూసింది నేనిచ్చిన కాగితాన్నే. కాగితం చెప్పింది నేనిచ్చిన ముక్క సంగతే. ముక్కలో రోగం లేదు. రోగం పక్కన బేసినులో ఉంది, దాన్ని నేనే పారబోసి నీళ్లు కొట్టాను.

నా మణికట్టు మీది చెయ్యి వదిలేసింది. కొంగు ముక్కు మీద నుంచి జారిపోయింది. మా వియ్యపురాలు వచ్చి పిల్లను కడగడానికి ఎత్తుకెళ్లింది.

నేను రక్తం ఉన్నచోట మూడు చెంచాలు తీశాను. మొహం తిప్పుకోలేదు. మూత బిగించి, పేరు రాసి, బయల్దేరాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి నా కూతురు అడిగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ల్యాబులో చేరిన రెండో వారం."

"రెండేళ్ల పైనే" అంది. అంతే అంది.

బస్సు ఆలస్యమైంది. ల్యాబు చేరేసరికి రెండుకు పది నిమిషాలుంది. కళ్లజోడు తొడుగులు తొడుక్కుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇంత రక్తమున్నా లేదని రాశారా అని కాగితం చూసి ఈసడించుకుంది. దూదిపుల్లతో కొంచెం తీసి గొట్టంలో కలిపి, కాచి, కడిగి, తన మందులు కలిపింది. నేనడిగానని ఫినాయిల్ డబ్బాలోది కూడా పక్క గొట్టంలో పెట్టింది. నాలుగు దాటాక తెర ముందుకు రమ్మంది. గీతలు నాకిప్పుడు బాగానే అర్థమవుతాయి. మా వియ్యపురాలి గొట్టంలో ఏమీ లేవలేదు, సాక్షితో సహా. నేలకంటుకున్న గీత. నా గొట్టంలో సాక్షి లేచింది. దానికన్నా ముందే, దానికన్నా నిటారుగా, విషం జన్యువు గీత లేచింది.

"సారీ బాబాయ్" అంది కళ్లజోడు.

"సారీ ఎందుకు. దొరికిందిగా" అన్నాను.

డాక్టరుకు అప్పుడే ఫోన్ చేసింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకుండానే ఆపేశారు. చీకటి పడకముందే పిల్లను ఆసుపత్రిలో చేర్చారు. మందేమీ లేదు, సెలైన్ ఎక్కించడం, రక్తం చూడడం, మూత్రం కొలవడం. గోడ మీద కాగితం అంటించి గంటగంటకూ అంకె రాసేవారు. కొలజాడీ పట్టుకోవడానికి నేను చెయ్యి చాపాను. అలాంటి పని ఆ గదిలో నాకన్నా బాగా చెయ్యగలవాళ్లు లేరు.

"ఆయన చేతికివ్వకండి" అంది నా కూతురు నర్సుతో. "నేను చూసుకుంటాను."

నర్సు నా వైపు చూసింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

మొదటి రెండు రోజులు మూత్రం బాగానే వచ్చింది. మూడో రోజు తగ్గింది. నాలుగో రోజు పగలంతా కలిపి అరవై మిల్లీలీటర్లు. మొహం కొంచెం ఉబ్బింది. ఆ ఉబ్బు నాకు తెలుసు. నాకు అంకెలు చెప్పడానికి నా కూతురు బయటికి రాలేదు. వచ్చింది మా వియ్యపురాలు. పనికట్టుకుని వచ్చి, బల్ల మీద నా పక్కనే కూర్చుని, "అరవయ్యే అన్నయ్యగారూ" అని చెప్పి లోపలికి వెళ్లేది. కూర్చునే ముందు బల్ల తుడవలేదు. ఫినాయిల్ సీసా తెచ్చి జాడీ కడగబోతే నర్సు లాక్కుందట, ఆ సంగతి కూడా ఆవిడే చెప్పింది. చెప్పి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఆవిడకు చెయ్యగలిగిన ఓదార్పు నా దగ్గరుంటే ముందు నేనే వాడుకునేవాణ్ని.

అయిదో రోజు నలభై. ఆరో రోజు పొద్దున నూటపది. సాయంత్రానికి నాలుగు వందలు. ఆ నాలుగు వందలు చెప్పడానికి నా కూతురు తనే వచ్చింది, జాడీతో సహా. పచ్చటి మూత్రం, వెచ్చగా ఉన్నట్టుంది, జాడీ గాజు మీద ఆవిరి పట్టింది. నా మొహం ముందు పట్టుకుని చూపించింది. నేను చూశాను. జీవితంలో అంతసేపు దేన్నీ చూడలేదు.

"ముట్టుకోకు" అంది.

ముట్టుకోలేదు.

పిచ్చిక పన్నెండో రోజున ఇంటికి వెళ్లింది. ఏడాది పాటు నెలనెలా రక్తం చూపించుకోవాలి. నేను వాళ్లింటికి వెళ్తున్నాను. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కడా కనబడడం లేదు, సోఫాలోనే కూర్చోబెడుతున్నారు. నా కూతురు టీ తెచ్చి బల్ల మీద పెడుతుంది, చేతికివ్వదు. తల్లి మాట ఎత్తదు. డాక్టర్ని తిట్టడం మానేసింది. ఆ తిట్లే నయం అనిపిస్తుంది.

ఒక్కసారి మాత్రం, నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఆ డాక్టరు ఎక్కడున్నాడో కనుక్కో. నేను రాసిన అర్జీలు తప్పని అతనికి నేను రాసుకుంటాను. నీ సంగతి నువ్వు రాసుకో."

కనుక్కోవడానికి నెల పట్టింది. ఎక్కడో మందుల దుకాణంలో కూర్చుంటున్నాడట. తెల్ల కాగితం ముందు పెట్టుకున్నాను. నాకు మంచి రాత రాదు, రోజూ డబ్బాల మీద పేర్లు రాసే చెయ్యి. మొదటి వాక్యం వెంటనే వచ్చింది. నా భార్య పరీక్షకు రక్తం లేని చోట తీసి ఇచ్చింది నేను. రెండో వాక్యం కోసం చాలాసేపు కూర్చున్నాను. క్షమించమని రాయబోయి, మూత తీసి చూస్తే అది కూడా కడిగి తెచ్చినదానిలాగే అనిపించింది. ఆ ఒక్క వాక్యం కిందే సంతకం పెట్టి పోస్టు చేశాను.

జవాబు రాలేదు. రాకూడదు కూడా.